జుట్టు నాటించుకున్న తరువాత తలచర్మం మానే క్రమం – ఇంటివద్ద తీసుకోవలసిన జాగ్రత్తలు

బెంగళూరు, చెన్నై, హైదరాబాదు వంటి నగరాలకు వెళ్లి జుట్టు నాటించుకొని, మరునాడో మూడవనాడో బస్సెక్కి స్వగ్రామానికి చేరుకొనేవారు నేడు సరిహద్దు పల్లెలలోనూ కనిపిస్తున్నారు. శస్త్రచికిత్స వైద్యుని చేతిలో ఒక్క రోజులో ముగుస్తుంది. గాయం మానడం మాత్రం ఇంటిలో, కుటుంబ సభ్యుల కళ్లముందు జరుగుతుంది. ఏది సహజమైన మార్పు, ఏది ప్రమాద సూచన అన్నది తెలియకపోతే రెండు విధాల నష్టం కలుగుతుంది. సహజమైన దానికి భయపడి పసుపు, నూనెలు పూసి చేజేతులా చెడగొట్టుకొనేవారు కొందరు. ప్రమాదకరమైన దానిని 'అదే తగ్గుతుందిలే' అని ఉపేక్షించేవారు మరికొందరు. ఈ రెండింటి నడుమ గల భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శస్త్రచికిత్స స్వరూపం

పురుషులలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో నుదుటి పైభాగం, నడినెత్తి పలచబడతాయి. తల వెనుక, చెవుల పైభాగాన ఉండే జుట్టు మాత్రం సాధారణంగా నిలిచి ఉంటుంది. అక్కడి కేశమూలాలను తీసి ముందుభాగంలో నాటినా అవి తమ పూర్వ లక్షణాన్ని విడిచిపెట్టవు. అమెరికా వైద్యుడు నార్మన్ ఒరెన్‌ట్రైక్ 1950వ దశకంలో నిరూపించిన ఈ సూత్రమే నేటి చికిత్సకంతటికీ ఆధారం.

నాటే ప్రతి చిన్న తునకను 'గ్రాఫ్టు' అంటారు. ఒక్కొక్క గ్రాఫ్టులో సాధారణంగా 1 నుంచి 4 వెంట్రుకలు ఉంటాయి. వీటిని సేకరించే పద్ధతులు రెండు. మొదటిది 'ఎఫ్.యు.టి.' ఇందులో తల వెనుక నుంచి సన్నని చర్మపు పట్టీని కోసి తీసి, ఆ చోట కుట్లు వేస్తారు. రెండవది 'ఎఫ్.యు.ఇ.' ఇందులో ఇంచుమించు 1 మిల్లీమీటరు వెడల్పు గల గొట్టపు పరికరంతో కేశమూలాలను ఒక్కొక్కటిగా తీస్తారు. కుట్లు ఉండవు కాని, వందల కొద్దీ సూక్ష్మమైన రంధ్రాలు ఏర్పడతాయి.

కనుక చికిత్స పొందినవారి తలపై గాయాలు రెండు చోట్ల ఉంటాయని ముందుగా గ్రహించాలి. ఒకటి తీసిన చోటు, రెండవది నాటిన చోటు. ఈ రెండింటికీ జాగ్రత్తలు వేరు.

నాటిన మూలం నిలదొక్కుకొనే తీరు

వరినారు పీకి నాటిన రైతుకు ఈ విషయం సులువుగా బోధపడుతుంది. నాటిన వెంటనే నారు ఏ కాస్త లాగినా ఊడి వస్తుంది. కొన్నాళ్లు వాడినట్లు కనిపించి, వేరు పట్టిన పిదపనే తేరుకుంటుంది.

నాటిన కేశమూలానికి మొదటి రోజులలో సొంత రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఊరే ద్రవం నుంచే అది ప్రాణవాయువును, పోషకాలను గ్రహిస్తుంది. గడ్డకట్టిన రక్తంలోని జిగురువంటి పదార్థమే దానిని పట్టి ఉంచుతుంది. తరువాతి కొద్ది రోజులలో సూక్ష్మ రక్తనాళాలు పెరిగి మూలాన్ని చేరతాయి.

2006లో అమెరికా వైద్యులు బెర్న్‌స్టైన్, రాస్‌మన్ ఈ విషయాన్ని పరిశీలించారు. మొదటి రెండు రోజులలో వెంట్రుకను పట్టి లాగితే మూలంతో సహా ఊడి వచ్చింది. అంటుకున్న చెక్కును లాగితే అయిదవ రోజు వరకు మూలం ఊడిపోయింది. ఆ తరువాత ఆ ప్రమాదం క్రమంగా తగ్గి, తొమ్మిదవ రోజుకు తొలగిపోయింది. 'పది రోజుల పథ్యం' అని వైద్యులు చెప్పే మాటకు మూలం ఇదే.

మొదటి మూడు రోజులు

మొదటి రాత్రి తల వెనుక నుంచి కొద్దిగా రక్తంతో కూడిన నీరు ఊరడం, దిండు గలీబు మీద మరకలు పడడం సహజం. శుభ్రమైన గాజుగుడ్డతో 10 నుంచి 15 నిమిషాలు కదపకుండా అదిమి పట్టితే ఆగిపోతుంది. నాటిన చోట రక్తం చిమ్మితే తేలికగా అదిమిపట్టి, చికిత్స చేసిన వైద్యునికి ఫోను చేయాలి. ఊడివచ్చిన గ్రాఫ్టును ఇంటిలో తిరిగి పెట్టే ప్రయత్నం చేయరాదు.

వెల్లకిలా, తల ఎత్తుగా ఉండేటట్లు పడుకోవాలి. రెండు మూడు దిండ్లు పెట్టుకొని, మెడ క్రింద తువ్వాలు చుట్టను ఉంచుకొంటే తల పక్కకు దొర్లదు. దిండుపై ఉతికి ఎండలో ఆరవేసిన గుడ్డను పరచి ప్రతిదినం మార్చాలి. ఒక వారం ఇదే విధంగా పడుకోవడం మేలు.

రెండవ రోజు నుంచి నాలుగైదు రోజుల వరకు నుదురు ఉబ్బి, ఆ వాపు కనురెప్పలకు దిగవచ్చు. శస్త్రచికిత్సలో ఎక్కించిన ద్రవం క్రిందికి జారడమే దీనికి ప్రధాన కారణం. చూడడానికి భయం గొలిపినా, నొప్పి, జ్వరం లేకుండా వచ్చి వారంలోపు తగ్గే వాపు హానికరం కాదు. గుడ్డలో చుట్టిన మంచుముక్కలను నుదుటిపై కొద్ది నిమిషాలు ఉంచవచ్చు. నాటిన చోట మాత్రం ఉంచరాదు.

తలచర్మం కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు మొద్దుబారి ఉంటుంది. స్పర్శ తెలియదు కనుక వేడినీటి సంచి, కాపడం పెడితే కాలినా తెలియదు. వీటికి దూరంగా ఉండాలి.

తల కడిగే విధానం

ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడనే. కొందరు భయపడి రెండు వారాలు తలపై నీరు పోయరు. అప్పుడు రక్తం, చీము కలిసి చెక్కులు మందంగా కట్టి, సూక్ష్మజీవులకు ఆలవాలమవుతాయి. మరికొందరు రెండవనాడే కుళాయి క్రింద తల పెడతారు.

వైద్యుడు అనుమతించిన రోజున, సాధారణంగా రెండు మూడు రోజుల తరువాత, కడగడం మొదలుపెట్టాలి. అంతవరకు మెడ క్రింది భాగానికే స్నానం. కొందరు వైద్యులు ఈ వ్యవధిలో ఉప్పునీటి ద్రావణాన్ని తుంపరగా చల్లుకొమ్మని ఇస్తారు. దానిని వారు చెప్పినన్ని మార్లే వాడాలి. ఇంటిలో ఉప్పు కలిపి తయారు చేసుకోరాదు.

కడిగేటప్పుడు ఈ క్రమం పాటించాలి. ముందుగా చేతులను సబ్బుతో కడుక్కోవాలి. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిని చెంబుతో, తలకు దగ్గరగా పట్టి, నెమ్మదిగా పోయాలి. వైద్యుడు సూచించిన తేలికపాటి షాంపూను అరచేతిలో నురుగు చేసి, ఆ నురుగును నాటిన చోట అద్దాలి. రుద్దరాదు. కొద్ది నిమిషాల తరువాత తిరిగి నీరు పోయాలి. తల వెనుక భాగాన్ని మునివేళ్లతో మృదువుగా కడగవచ్చు. తువ్వాలుతో తుడవక, మెత్తని గుడ్డతో చుట్టూ అద్ది, గాలికి ఆరనివ్వాలి.

ఎనిమిది, పది రోజులు గడచిన తరువాత వైద్యుని అనుమతితో నురుగును పది నిమిషాలు నాననిచ్చి, మునివేళ్ల మెత్తని భాగంతో గుండ్రంగా తేలికగా రాస్తే చెక్కులు వాటంతట అవే రాలిపోతాయి. 10 నుంచి 14 రోజులలో తల శుభ్రపడాలి. గోళ్లతో గిల్లడం, దువ్వెనతో గీకడం తగదు.

దురద పుట్టడం గాయం మానుతున్నదనడానికి గుర్తు. రాత్రి నిద్రలో గోకే అలవాటు ఉంటే గోళ్లు కత్తిరించుకొని పడుకోవాలి. దురద ఓర్చుకోలేనిదైతే వైద్యుడు మాత్రలు ఇస్తాడు.

పల్లె జీవనంలో ప్రత్యేక జాగ్రత్తలు

నగరంలో ఇచ్చే సూచనల కాగితం గదిలో కూర్చొని పనిచేసేవారిని దృష్టిలో ఉంచుకొని తయారైనది. మన ఊళ్ల పనులకు మరికొన్ని జాగ్రత్తలు అవసరం.

తలపై గడ్డిమోపు, ఎరువు తట్ట, నీళ్ల బిందె మోయరాదు. తలపాగా చుట్టరాదు. నూర్పిడి కళ్లం, పశువుల కొట్టం, మిరప కల్లాల దుమ్ములోనికి రెండు వారాలు వెళ్లకపోవడం మంచిది. చెరువులో, కాలువలో, వ్యవసాయ బావిలో మునిగి స్నానం చేయడం ఒక నెలపాటు మానాలి.

నెత్తిన నేరుగా ఎండ తగలకుండా కొన్ని వారాలు చూసుకోవాలి. వైద్యుడు అనుమతించే వరకు టోపీ బదులు గొడుగు వాడాలి. మెడ నుంచి తలమీదుగా తొడిగే బనియను బదులు ముందు గుండీలున్న చొక్కా వేసుకోవాలి. చంటిపిల్లలను ఎత్తుకొంటే వారు జుట్టు పట్టి లాగే ప్రమాదం ఉన్నది.

మోటారుసైకిలు విషయంలో ఒక మాట. శిరస్త్రాణం నాటిన చోట ఒరుసుకుంటుంది. అది లేకుండా నడపడం ప్రాణానికి ముప్పు. కనుక వైద్యుడు శిరస్త్రాణం ధరించవచ్చునని చెప్పేవరకు బండి నడపకపోవడమే మార్గం.

బరువులెత్తడం, పరుగు, వ్యాయామం వంటివి కనీసం రెండు వారాలు ఆపాలి. కుట్లు వేయించుకున్నవారు మెడ వంచి చేసే బరువు పనులను నెల వరకు మానాలి. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులలో తీస్తారు. అవి కరిగిపోయేవా, తీయించుకోవలసినవా అన్నది ఊరికి బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

వంటింటి వైద్యం – వ్యసనాలు – మందులు

పసుపు, కొబ్బరినూనె, ఉల్లిరసం, గుంటగలగరాకు పసరు, మందారాకు, కుంకుడు, శీకాయ – వీటిలో ఏదీ మానని గాయంపై వాడరాదు. మామూలు తలకు అలవాటైన పదార్థమే పచ్చిపుండుపై మంట, దద్దురు పుట్టించవచ్చు. ఆకు పసరుల వెంట సూక్ష్మజీవులూ చేరతాయి. నూనె చెక్కులను జిడ్డుగా అంటిపెడుతుంది. పెద్దలు ప్రేమతో చెప్పినా, ఈ నెలరోజులకు మర్యాదగా వద్దనడమే శ్రేయస్కరం.

పొగత్రాగడం వలన చర్మానికి రక్తం అందించే సన్నని నాళాలు ముడుచుకుంటాయి. కొత్త మూలానికి రక్తమే ఆధారం. చుట్ట, బీడీ, సిగరెట్టు, నమిలే పొగాకు అన్నింటిలోనూ ఉండేది నికోటినే కనుక చికిత్సకు ముందు, తరువాత కూడా కొన్ని వారాలు వీటిని విడిచిపెట్టాలి. మద్యం రక్తస్రావాన్ని పెంచుతుంది, మందులతో పొసగదు.

వ్రాసి ఇచ్చిన యాంటీబయాటిక్ మందులను నడుమ ఆపరాదు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా కొని వేసుకోరాదు. అదే సమయంలో, గుండెజబ్బుకు ఇదివరకే ఆస్పిరిన్ వాడుతున్నవారు వైద్యుని అడగకుండా దానిని ఆపకూడదు. మధుమేహం ఉన్నవారిలో గాయం ఆలస్యంగా మానుతుంది కనుక చక్కెరను అదుపులో ఉంచుకోవాలి. మినాక్సిడిల్ పూత మందును ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడే చెప్పాలి. ఫినాస్టరైడ్ మాత్రలు ఇస్తే, విరిగిన లేదా పొడి అయిన మాత్రలను గర్భిణులు, గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలు ముట్టుకోరాదు.

ప్రమాద సూచనలు

ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా వేచి చూడరాదు.

1. మూడవ రోజు తరువాత నొప్పి తగ్గడానికి బదులు పెరగడం.
2. జ్వరం, చలి, నీరసం, మాట తడబడడం.
3. చీము, దుర్వాసన, ఎరుపు నానాటికి విస్తరించడం.
4. నాటిన చోట గాని, కుట్ల వద్ద గాని చర్మం నల్లబడడం. చర్మానికి రక్తం అందడం లేదనడానికి ఇది గుర్తు కావచ్చు.
5. 15 నిమిషాలు అదిమి పట్టినా ఆగని రక్తం.
6. మందు వేసుకొన్న తరువాత ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాయడం, ఊపిరి ఆడకపోవడం, గుండెదడ, ఛాతినొప్పి, స్పృహ తప్పడం.

ఆరవది క్షణాలమీద ప్రాణం తీయగలది. చికిత్స చేసిన చోటికి ఫోను చేస్తూ కూర్చోక, వెంటనే 108 వాహనాన్ని పిలిచి దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలోనూ ఈ సంఖ్యే పనిచేస్తుంది. ఏ రాష్ట్రపు ఆసుపత్రి అన్న ఆలోచన ఆ వేళ వద్దు. ఏది దగ్గరైతే అదే.

ఇది అతిశయోక్తి కాదు. 2016లో చెన్నైలో జుట్టు నాటించుకొన్న ఒక వైద్యవిద్యార్థి మరణించాడు. ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరులో ఇద్దరు ఇంజనీర్లు, ఒకరు 2024 నవంబరులో, మరొకరు 2025 మార్చిలో, ఇదే చికిత్స అనంతరం మరణించారు. శస్త్రచికిత్స తరువాత వారి ముఖం బాగా వాచిందని కుటుంబ సభ్యులు తెలిపారు. చికిత్స చేసినట్లు ఆరోపణ ఎదుర్కొన్నది దంతవైద్యురాలు. నొప్పి, జ్వరం లేని నుదుటి వాపుకూ, బాధతో, ఆయాసంతో పెరిగే వాపుకూ భేదం తెలియడం ఎంత అవసరమో ఈ ఉదంతాలు చెబుతున్నాయి.

రాలిపోయిన జుట్టు – తిరిగి మొలిచే కాలం

రెండవ వారం నుంచి రెండవ నెల వరకు నాటిన వెంట్రుకలలో అధికభాగం రాలిపోతాయి. లక్ష రూపాయలు నేలపాలైనవని కుటుంబమంతా దిగులుపడే సమయం ఇదే. అయితే రాలేది వెంట్రుక మాత్రమే. మూలం చర్మం లోపల పదిలంగా ఉండి విశ్రాంతి దశలోకి వెళుతుంది. పది రోజుల తరువాత చెక్కుతోపాటు రక్తం లేకుండా ఊడే వెంట్రుక సహజమైనది. మొదటి వారంలో రక్తం చిమ్ముతూ, చిన్న కండ తునకతో వచ్చేది మాత్రం కోల్పోయిన గ్రాఫ్టు.

చుట్టూ ఉన్న పాత జుట్టు కూడా శస్త్రచికిత్స తాకిడికి కొంత రాలవచ్చు. అది చాలావరకు మూడు నాలుగు నెలలలో తిరిగి వస్తుంది. తరువాతి క్రమం స్థూలంగా ఈ విధంగా ఉంటుంది.

3–4 నెలలు: సన్నని నూగు జుట్టు మొలవడం ఆరంభం. కొత్త వెంట్రుకలు పైకి వచ్చేటప్పుడు చిన్న మొటిమలు లేవవచ్చు. గిల్లరాదు. ఎక్కువైతే వైద్యునికి చూపాలి.

6 నెలలు: మార్పు ఇతరుల కంటికి తెలుస్తుంది. కొన్ని చోట్ల పలచగా, కొన్ని చోట్ల ఒత్తుగా ఉండడం మామూలే.

12 నెలలు: ఫలితం దాదాపు పూర్తిగా కనిపిస్తుంది. నడినెత్తిన 18 నెలల వరకు పట్టవచ్చు.

జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నాలుగవ నెలలో మొలిచిన వెంట్రుక ఏడాది నిండేసరికి 8 సెంటీమీటర్లు కావడమే గొప్ప. ఇంతకన్న త్వరితంగా తెప్పిస్తామనే మాటలను నమ్మరాదు.

పెండ్లి, మొక్కుబడి

పెండ్లి నిశ్చయమైన తరువాత నెలరోజుల ముందు జుట్టు నాటించుకోవాలని తొందరపడే యువకులు ఉన్నారు. పై లెక్క ప్రకారం ముహూర్తం నాటికి వారి తల మునుపటికన్న పలచగా కనిపిస్తుంది. పెండ్లి కోసమే అయితే కనీసం సంవత్సరం ముందు చేయించుకోవాలి. లేదా పెండ్లి తరువాతకు వాయిదా వేయాలి.

తిరుమలలో గాని, ఇలవేల్పు సన్నిధిలో గాని తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంటే, వీలైనంతవరకు చికిత్సకు చాలా ముందే తీర్చుకోవడం ఉత్తమం. తరువాత అయితే నాటిన చోట మంగలికత్తి పెట్టించడానికి తొందరపడరాదు. కత్తెరతో కత్తిరించుకోవడానికి, కత్తితో గీయించుకోవడానికి వేర్వేరు గడువులు ఉంటాయి. చర్మం పూర్తిగా మాని, జుట్టు నిలకడగా మొలిచిన తరువాత వైద్యుని అడిగి చేయించుకొంటే మూలాలకు హాని ఉండదు. మొక్కు వాయిదా వేసుకోవచ్చు. తెగిన మచ్చ తిరిగి మానడం కష్టం.

ఊరికి బయలుదేరే ముందు

చికిత్స జరిగిన నగరం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉన్నప్పుడు, అపరాత్రి చూసే స్థానిక వైద్యునికి పూర్వాపరాలు తెలియవు. కనుక కాగితాలు వెంట ఉండాలి. వాటిలో శస్త్రచికిత్స తేదీ, పద్ధతి, గ్రాఫ్టుల సంఖ్య, ఇచ్చిన మత్తుమందు పేరు, మోతాదు, వాడవలసిన మందులు, వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, రాత్రివేళ పలికే ఫోను సంఖ్య ఉన్నవో లేవో చూసుకోవాలి. కాగితం ఇంగ్లీషులో గాని, ఆ రాష్ట్రపు భాషలో గాని ఉంటే, చదవగలిగినవారిచేత తెలుగులో ఒక ప్రతి వ్రాయించి ఇంటిలో అందరికీ కనిపించే చోట అంటించాలి. రాత్రివేళ మంచం పక్కన ఉండేది ఇల్లాలో, తల్లో. ఆమెకు అర్థం కాని కాగితం అక్కరకు రాదు. సాధ్యమైతే మొదటి తలకడుగు అయ్యేవరకు ఆ నగరంలోనే ఉండి, ఆ విధానాన్ని కళ్లారా చూసి రావాలి.

అన్నింటికన్న ముందు, చేసేవారు ఎవరన్నది విచారించాలి. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో ఈ చికిత్సపై మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన శిక్షణ పొందిన రిజిస్టర్డు వైద్యులే దీనిని చేయాలని, వర్క్‌షాపులు చూసినంత మాత్రాన, యూట్యూబు చూసి నేర్చినంత మాత్రాన అది శిక్షణ కాదని అందులో స్పష్టం చేసింది. తక్కువ ధర చూసి సెలూనుకు అనుబంధంగా ఉన్న గదిలో తలను అప్పగించడం తగదు.

బట్టతల ప్రాణాంతకమైన వ్యాధి కాదు. జుట్టు నాటించుకోవడం అత్యవసరమూ కాదు. కాబట్టి వైద్యుని ఎన్నుకోవడానికి నెలరోజులు తీసుకొన్నా నష్టం లేదు. చేయించుకొన్న పిమ్మట మాత్రం పది రోజుల పథ్యం, ఏడాది ఓర్పు తప్పనిసరి. వాపు ఎప్పుడు సహజం, ఎప్పుడు ప్రమాదం అన్నది ఇంటిలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.